రెండో హార్డ్ డిస్క్ పెట్టాక సిస్టమ్‌లో కనిపించట్లేదా? ఎక్కణ్ణుంచి వెతకాలో చూడండి

కొత్త హార్డ్ డిస్క్ కొనుక్కొచ్చి, సీపీయూ మూత తీసి, బిగించి, కేబుళ్లు పెట్టి, ఆన్ చేసి ఆత్రంగా దిస్ పీసీ ఓపెన్ చేస్తే అక్కడ పాత సీ, డీలే ఉంటాయి, కొత్తదాని జాడే ఉండదు. వెంటనే "డెడ్ పీస్ అంటగట్టాడు" అని షాపతన్ని తిట్టుకుంటూ డిస్క్ ఊడదీసేస్తారు చాలామంది. తొందరపడకండి. అసలు వాడని కొత్త డిస్క్ దిస్ పీసీలో రానే రాదు, ఎందుకంటే దాంట్లో ఇంకా పార్టిషనే, అంటే ఫైళ్లు పెట్టుకోడానికి కేటాయించిన భాగమే లేదు, పార్టిషన్ లేకపోతే విండోస్ దానికి డ్రైవ్ లెటర్ ఇవ్వదు, లెటర్ లేకపోతే అక్కడ చూపించడానికి ఏమీ ఉండదు. కాబట్టి దిస్ పీసీలో లేదు అన్నదాన్నిబట్టి డిస్క్ బాగుందో పోయిందో ఏమీ తెలీదు. తెలిసేది బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే లేచే మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్ స్క్రీన్‌లో. అక్కడ కనిపిస్తే గొడవ విండోస్‌లో ఉన్నట్టు, అక్కడ కూడా లేకపోతే గొడవ బాక్స్ లోపల, అంటే కేబుల్, పవర్, పోర్ట్, లేదంటే డిస్కే. ఈ ఒక్క ముక్క ముందు తేల్చుకోకుండా డ్రైవర్లు దింపుకోవడం, విండోస్ మళ్లీ ఎక్కించడం, యూట్యూబ్‌లో చూసిన కమాండ్లు కొట్టడం అన్నీ టైమ్ వేస్ట్.

ఇక్కడ చెప్పేది మామూలు ఇంటి డెస్క్‌టాప్ గురించి: విండోస్ 10 లేదా 11 ఎస్ఎస్‌డీలో ఉంది, ఫొటోలకీ సినిమాలకీ అని పెద్దసైజు సాటా (సన్న కేబుల్‌తో మదర్‌బోర్డుకి తగిలించే రకం) హార్డ్ డిస్క్ ఇంకోటి పెట్టారు.

మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న. మీరు పెట్టిన డిస్క్‌లో మీకు కావాల్సిన డేటా ఉందా? పాత కంప్యూటర్‌లోంచి తీసింది గానీ, ఎవరిదో పెళ్లి ఫొటోలు ఉన్నది గానీ అయితే ఇనిషియలైజ్, ఫార్మాట్, క్లీన్ అనే మూడు మాటలు ఎక్కడ కనబడినా చెయ్యి వెనక్కి తీసుకోండి. విండోస్ చాలా మర్యాదగా "ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చేయమంటారా" అని అడుగుతుంది, క్యాన్సిల్ కొట్టండి. ఖాళీ డిస్క్ అయితే మాత్రం భయం లేదు, ఏం చేసినా పోయేదేం లేదు.

స్టెప్ 1: బయోస్‌లో చూడటం

సిస్టమ్ రీస్టార్ట్ చేసి, స్క్రీన్ మీద కంపెనీ లోగో వచ్చే లోపు డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ టకటకా నొక్కుతూ ఉండండి. అసెంబుల్డ్ సిస్టమ్స్‌లో దాదాపు ఈ రెండిట్లో ఒకటే, డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవో డెస్క్‌టాప్‌లలో ఎఫ్1 ఎక్కువగా పనిచేస్తుంది. మీ సిస్టమ్ మరీ ఫాస్ట్‌గా బూటై కీ నొక్కే సందు కూడా ఇవ్వకపోతే విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలోకి వెళ్లి అడ్వాన్స్‌డ్ స్టార్టప్ పక్కన రీస్టార్ట్ నౌ నొక్కండి, నీలం స్క్రీన్ వస్తుంది, అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. అదే మిమ్మల్ని తీసుకెళ్లి బయోస్‌లో దించుతుంది.

లోపల స్టోరేజ్ అనో సాటా కాన్ఫిగరేషన్ అనో ఒక పేజీ ఉంటుంది, పోర్ట్ నంబర్లు వరసగా రాసి పక్కన ఏం తగిలించి ఉందో చూపిస్తుంది. అక్కడ సీగేట్ అనే పేరు కోసం వెతికితే కనపడదు, మోడల్ నంబరే ఉంటుంది. సీగేట్‌వి ఎస్‌టీ అనే అక్షరాలతో మొదలవుతాయి, వెంటనే 2000 అని ఉంటే 2 టీబీ, 4000 అని ఉంటే 4 టీబీ అనుకోవచ్చు. వెస్టర్న్ డిజిటల్‌వి డబ్ల్యూడీసీ అని మొదలవుతాయి. అలాంటిది ఒక లైన్ కనిపించిందా, హార్డ్‌వేర్ వైపు పెద్ద గండం గట్టెక్కినట్టే, నేరుగా స్టెప్ 4కి వెళ్లిపోండి. ఎంప్టీ అనో నాట్ ప్రెజెంట్ అనో ఉంటే సీపీయూ మూత మళ్లీ తియ్యాల్సిందే.

మూత తీసే ముందు ఆ పేజీలోనే ఇంకోటి చూడండి. ఆఫీసుల్లో వాడి అమ్మేసిన రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్‌లు ఈమధ్య చాలా ఇళ్లలో ఉన్నాయి కదా, వాటిల్లో వాడని సాటా పోర్ట్‌లు బయోస్‌లోనే ఆఫ్ చేసి ఉండొచ్చు. డెల్ ఆప్టిప్లెక్స్‌లలో డ్రైవ్స్ అనే పేజీలో సాటా 0, సాటా 1 అంటూ పక్కన టిక్ బాక్సులు ఉంటాయి, టిక్ పెట్టి సేవ్ చేస్తే చాలు, స్క్రూడ్రైవర్‌తో పనే ఉండదు.

స్టెప్ 2: బాక్స్ లోపల

షట్‌డౌన్ చేసేటప్పుడు షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. మామూలుగా నొక్కితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, ఆ స్థితిలో డిస్క్‌లు అటూ ఇటూ మార్చడం మంచిది కాదు. తర్వాత గోడ స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. క్యాబినెట్ ఇనుప రేకు ఒకసారి ముట్టుకుని అప్పుడు చెయ్యి లోపల పెట్టండి.

డిస్క్ వెనకాల రెండు సాకెట్లు ఉంటాయి. వెడల్పుగా ఉన్నది పవర్‌ది, 15 పిన్నులు. చిన్నది డేటాది, 7 పిన్నులు. రెండిటి లోపలా ప్లాస్టిక్ నాలుక ఒక చివర వంపు తిరిగి ఎల్ ఆకారంలో ఉంటుంది, కేబుల్‌ తిరగేసి పెట్టకుండా ఉండటానికే అది. తిరగేసి బలవంతంగా తోస్తే ఆ నాలుక పుటుక్కున విరిగిపోతుంది, అది విరిగితే వారంటీ వాళ్లు కూడా మొహం చూడరు. దూరనప్పుడు నెట్టకండి, తిప్పి చూడండి.

నేను చూసినంతలో ఎక్కువసార్లు దొరికే దొంగ డేటా కేబుల్. డిస్క్ వైపు గట్టిగానే ఉంటుంది గానీ మదర్‌బోర్డు వైపు చివర సగం లేచి ఉంటుంది, లేదంటే సైడ్ ప్యానెల్ మూసేటప్పుడు అది కేబుల్‌ని నొక్కి నొక్కి వదులు చేస్తుంది, మూత తీసినప్పుడు పనిచేస్తుంది మూత వేస్తే పనిచెయ్యదు, మనిషికి పిచ్చెక్కుతుంది. రెండు చివర్లూ పీకి మళ్లీ పెట్టండి, ఇనుప క్లిప్ ఉన్న కేబుల్ అయితే టిక్కుమనాలి. ఇంట్లో స్పేర్ కేబుల్ లేకపోతే డీవీడీ డ్రైవ్‌కి ఉన్న కేబుల్ తీసి పెట్టి చూడండి, ఈ రోజుల్లో ఆ డ్రైవ్ ఎవరు వాడుతున్నారు గనక. మీ ఎస్ఎస్‌డీ కూడా సాటాదే అయితే ఇంకా తేలిక: దాని డేటా కేబుల్‌నీ కొత్త డిస్క్ డేటా కేబుల్‌నీ ఒకదానికొకటి మార్చి బయోస్‌లో చూడండి. ఇప్పుడు డిస్క్ కనపడి ఎస్ఎస్‌డీ మాయమైతే తప్పు కేబుల్‌దో పోర్ట్‌దో, డిస్క్ మంచిదే. డిస్క్ ఇప్పుడూ రాకపోతే పవర్ వైపు చూడాలి.

పోర్ట్ అంటే గుర్తొచ్చింది, ఎన్వీఎంఈ ఎస్ఎస్‌డీ, అంటే కేబుల్ లేకుండా మదర్‌బోర్డు మీద ఎం.2 అనే స్లాట్‌లో నేరుగా దూరే రకం పెట్టుకున్నవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. చాలా మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాట్‌కీ ఒకటి రెండు సాటా పోర్ట్‌లకీ ఉమ్మడి దారి ఉంటుంది, ఎం.2లో ఏదైనా పెట్టగానే ఆ పోర్ట్‌లు ఆగిపోతాయి. పోర్ట్ పాడవ్వలేదు, కేబుల్ పాడవ్వలేదు, అంతా బాగానే ఉంటుంది కానీ డిస్క్ మాత్రం రాదు. ఏ పోర్ట్ ఆగుతుందన్నది బోర్డుని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో స్టోరేజ్ పేజీలో సన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మాన్యువల్ వెతికే ఓపిక లేకపోతే కేబుల్‌ని వేరే నంబర్ పోర్ట్‌కి మార్చి చూడండి.

పవర్ వస్తోందో లేదో చేతికే తెలుస్తుంది. మూత తీసే ఉంచి ఆన్ చేసి, మునివేళ్లు డిస్క్ పక్కగోడకి ఆనించండి. ఆన్ చేసిన రెండు మూడు సెకన్లకి లోపల ప్లాటర్లు (డేటా రాసే గుండ్రటి పళ్లేలు) తిరగడం మొదలై సన్నగా జివ్వుమని అదురు తగలాలి. అసలు చలనమే లేకపోతే పవర్ రావట్లేదు, అదే వైర్‌కి ఉన్న ఇంకో కనెక్టర్ గానీ వేరే వైర్ గానీ పెట్టి చూడండి. అప్పటికీ తిరక్కపోతే ఆ డిస్క్ ఎక్కడిదో గుర్తు చేసుకోండి. పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్క్ డబ్బా పగలగొట్టి లోపలిది తీసి పెట్టినవాళ్లకి ఒక తమాషా జరుగుతుంది: అలాంటి కొన్ని డిస్క్‌లు పవర్ సాకెట్‌లో మూడో పిన్నుకి 3.3 వోల్టులు తగిలితే దాన్ని "ఆగిపో" అనే సిగ్నల్‌గా తీసుకుంటాయి. పాత పద్ధతి పవర్ సప్లైలు ఆ పిన్నుకి ఎప్పుడూ 3.3 ఇస్తూనే ఉంటాయి, ఇక డిస్క్ ఎప్పటికీ లేవదు. డిస్క్ వైపు ఆ పిన్ను మీద కాప్టన్ టేప్ (కరెంటు పారనివ్వని, వేడికి తట్టుకునే టేప్) సన్నముక్క అంటించడం దీనికి బాగా తెలిసిన మందు. మోలెక్స్ (పాతకాలపు నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్) నుంచి సాటాకి మార్చే అడాప్టర్ పెట్టినా పనవుతుంది, కాకపోతే వైర్ల మీద ప్లాస్టిక్ పోతపోసి చేసిన చవక రకం వద్దు, లోపల షార్ట్ అయి కాలిపోయే పేరు వాటికి ఉంది.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది, దీని గురించి గట్టిగానే చెప్తాను. మీ పవర్ సప్లై మాడ్యులర్ అయితే, అంటే వైర్లు ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) వైపు కూడా ఊడొచ్చే రకం అయితే, దాంతో పాటు వచ్చిన వైర్లే వాడాలి. పాత ఎస్ఎంపీఎస్‌ది ఒక వైర్ ఇంట్లో పడుంది కదా, ఇందులో సరిగ్గా దూరుతోంది కదా అని పెట్టేస్తే కొంప మునుగుతుంది. డిస్క్ వైపు చివర అన్ని కంపెనీలకీ ఒకటే, ఎస్ఎంపీఎస్ వైపు చివరకి మాత్రం స్టాండర్డ్ అంటూ లేదు, ఏ పిన్నులో 12 వోల్టులు ఏ పిన్నులో 5 వోల్టులు అన్నది కంపెనీ కంపెనీకీ, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్ మోడల్‌కీ మారిపోతుంది. 5 రావాల్సిన చోట 12 వచ్చిందా, స్విచ్ వేసిన క్షణంలో డిస్క్ బోర్డు మాడుతుంది, ఆ వైర్ మీద ఇంకో డిస్క్ ఉంటే అదీ పోతుంది.

డిస్క్ తిరుగుతోంది కానీ టక్, టక్, టక్ అని ఒకే లయలో కొట్టుకుంటోందా? పవర్ సరిపోకపోయినా అలా అంటుంది, పెద్దసైజు డిస్క్ తిరగడం మొదలెట్టే ఆ కొన్ని సెకన్లూ 12 వోల్టుల లైన్ మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది, ముసలి ఎస్ఎంపీఎస్ అక్కడే చతికిలబడొచ్చు. వేరే సిస్టమ్‌లో ఒక్కసారి పెట్టి చూడండి, అక్కడా అదే టక్‌టక్ అయితే లోపల డేటా చదివే హెడ్ పోయింది. కొత్తదైతే తిరిగిచ్చేయండి. డేటా ఉన్నదైతే ఇక ఆన్ చెయ్యడం మానేసి డేటా రికవరీ వాళ్లకి చూపించండి. ఫ్రిజ్‌లో పెట్టి తియ్యమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వినకండి, చల్లటి డిస్క్ బయటకి తియ్యగానే చెమ్మ పట్టి మిగిలిన ఆ కాస్త ఆశా పోతుంది.

స్టెప్ 3: కొత్తది పెట్టాక విండోసే రాకపోతే

"రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" అని నల్ల స్క్రీన్ వస్తే గుండె జారిపోనక్కర్లేదు, మీ విండోస్ ఎక్కడికీ పోలేదు. బయోస్ కొత్త డిస్క్‌ని లైన్లో ముందు పెట్టుకుని దాంట్లో విండోస్ కోసం వెతుకుతోంది. బూట్ పేజీలో విండోస్ బూట్ మేనేజర్ అనేదాన్ని, పక్కన మీ ఎస్ఎస్‌డీ పేరున్నదాన్ని, మొదటికి తెచ్చి ఎఫ్10తో సేవ్ చెయ్యండి. పాత కంప్యూటర్ డిస్క్ పెట్టినవాళ్లకైతే ఆ పాత విండోసే లేచి, పాత వాల్‌పేపర్‌తో సహా ప్రత్యక్షమవ్వొచ్చు, దానికీ ఇదే మందు.

అక్కడే సాటా మోడ్ అని ఇంకో ఆప్షన్ ఉంటుంది, ఏహెచ్‌సీఐ, రెయిడ్ అని. దాన్ని కదపొద్దు. రెండో డిస్క్ కనిపించడానికీ దానికీ సాధారణంగా సంబంధం ఉండదు, మారిస్తే మాత్రం బాగున్న విండోస్ "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని బ్లూ స్క్రీన్ ఇస్తుంది. ఇప్పటికే మార్చేసి ఉంటే ముందున్నదే మళ్లీ పెట్టండి.

స్టెప్ 4: బయోస్‌లో ఉంది, విండోస్‌లో లేదు

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ ఓపెన్ చెయ్యండి. కింద డిస్క్ 0, డిస్క్ 1 అని అడ్డంగా పట్టీలు ఉంటాయి. డిస్క్ 0 అంటే ఎస్ఎస్‌డీయే అని గ్యారంటీ లేదు, పోర్ట్‌ని బట్టి నంబర్లు మారతాయి, సైజు చూసి గుర్తుపట్టండి. 1 టీబీ 931 జీబీగా, 2 టీబీ 1863 జీబీగా, 4 టీబీ 3726 జీబీగా కనిపిస్తాయి. షాపువాడు కోత పెట్టలేదు, కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది, అంతే.

కొత్త డిస్క్ అయితే ఓపెన్ చెయ్యగానే ఇనిషియలైజ్ చేయమంటూ ఒక బాక్స్ వస్తుంది, ఎంబీఆర్, జీపీటీ అని రెండు ఆప్షన్లతో, డిస్క్‌లో పార్టిషన్ల లెక్క రాసుకునే రెండు పద్ధతులవి. జీపీటీ పెట్టండి. ఎంబీఆర్ పెడితే 2 టీబీ దాటి వాడుకోలేరు, 4 టీబీ డిస్క్ 2048 జీబీ ఒక ముక్కగా, 1678 జీబీ దేనికీ పనికిరాని ముక్కగా విడిపోతుంది. ఇప్పటికే అలా అయి ఉంటే, డేటా ఇంకా వెయ్యకపోతే, పార్టిషన్లు డిలీట్ చేసి ఎడమవైపు డిస్క్ నంబర్ ఉన్న గడి మీద రైట్ క్లిక్ కొడితే కన్వర్ట్ టు జీపీటీ డిస్క్ వస్తుంది. తర్వాత నల్ల పట్టీతో అన్‌అలొకేటెడ్ అని ఉన్న చోట రైట్ క్లిక్, న్యూ సింపుల్ వాల్యూమ్, నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంటూ పోండి, ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్, క్విక్ ఫార్మాట్ టిక్ ఉంచండి. టిక్ తీసేస్తే డిస్క్ మొత్తం మీద రాసుకుంటూ పోతుంది, పెద్ద డిస్క్‌కి గంటలు గంటలు పడుతుంది. సెకండ్ హ్యాండ్‌ది కొన్నవాళ్లు మాత్రం ఒక రాత్రి వదిలేసి ఆ ఫుల్ ఫార్మాటే చేసుకోండి, చెడిపోయిన చోట్లు ఏమైనా ఉంటే అప్పుడే బయటపడతాయి.

డేటా ఉన్న డిస్క్ అయితే ఇక్కడ రాసి ఉన్న మాట చదవాలి. హెల్తీ అని ఉండి లెటర్ లేకపోతే దాని మీద రైట్ క్లిక్ కొట్టి చేంజ్ డ్రైవ్ లెటర్‌లో ఏదో ఒక అక్షరం యాడ్ చేస్తే ఫైళ్లతో సహా వచ్చేస్తుంది. ఆఫ్‌లైన్ అని ఉంటే డిస్క్ నంబర్ గడి మీద రైట్ క్లిక్ కొట్టి ఆన్‌లైన్ అనండి, ఒక డిస్క్‌ని క్లోన్ చేసి రెండూ ఒకే సిస్టమ్‌లో పెట్టినప్పుడు రెండిటి గుర్తింపు నంబరూ ఒకటే అయి విండోస్ ఒకదాన్ని ఇలా పక్కన పెడుతుంది. ఫారిన్ అని ఉంటే ఇంపోర్ట్ ఫారిన్ డిస్క్స్ నొక్కాలి, దాని దగ్గరే కన్వర్ట్ టు బేసిక్ కూడా ఉంటుంది, అది నొక్కితే డేటా గోవిందా.

రా (RAW) అని ఉంటే విండోస్‌కి ఆ ఫార్మాట్ అర్థం కావట్లేదన్నమాట. ఫైల్ సిస్టమ్ దెబ్బతిని ఉండొచ్చు, లేదా డిస్క్ నిక్షేపంలా ఉండి విండోస్‌కి రాని భాషలో రాసి ఉండొచ్చు. లినక్స్‌లో వాడిన డిస్క్‌లు, సీసీ కెమెరాల డీవీఆర్‌లోంచి తీసినవి ఇలాగే వస్తాయి. డీవీఆర్ ఫుటేజ్ కావాలంటే ఆ డిస్క్‌ని మళ్లీ డీవీఆర్‌లోనే పెట్టి చూసుకోవాలి, పీసీలో ఫార్మాట్ కొట్టాక "ఫుటేజ్ తియ్యొచ్చా" అని అడిగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అలాగే డేటా ముఖ్యమైన రా డిస్క్ మీద ముందే చెక్‌డిస్క్ నడపకండి, అది ఫైల్ సిస్టమ్‌ని సరిచేస్తుందే గానీ మీ ఫైళ్లు దక్కాలని దానికేం పట్టింపు లేదు.

డ్రైవ్ మీద తాళం బొమ్మ ఉంటే బిట్‌లాకర్, అంటే డేటా ఎవరూ చదవకుండా విండోస్ వేసే తాళం. 48 అంకెల రికవరీ కీ కావాలి, ఆ పాత కంప్యూటర్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో లాగిన్ అయి చూడండి, చాలాసార్లు అక్కడే సేవ్ అయి ఉంటుంది. కీ లేకపోతే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు, చేస్తామని డబ్బులడిగేవాళ్లని నమ్మకండి. తాళం లేదు గానీ పాత యూజర్ ఫోల్డర్ తెరిస్తే యాక్సెస్ డినైడ్ అంటుంటే అది పర్మిషన్ల గొడవే, కంటిన్యూ నొక్కండి, కుదరకపోతే ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లో ఓనర్‌గా మీ పేరు పెట్టుకోండి.

స్టెప్ 5: కనిపిస్తుంది, మాయమవుతుంది

ఇదే అన్నిటికంటే విసిగించే రకం. సినిమా కాపీ అవుతుంటే మధ్యలో డ్రైవ్ పోతుంది, రీస్టార్ట్ చేస్తే మళ్లీ వస్తుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసుకోండి. అందులో వరసగా ఉండే నంబర్లలో సీ7 లైన్, సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్, రోజురోజుకీ పెరుగుతుంటే దాదాపుగా డేటా కేబులే, మార్చేస్తే సరి. పాత కౌంట్ సున్నా అవ్వదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. 05, సీ5, సీ6 లైన్లలో సున్నా కాకుండా ఇంకేదైనా ఉంటే డిస్క్ ఉపరితలమే దెబ్బతింటోంది, కొత్తదైతే అలాంటిది ఉంచుకోకండి. ఆ నంబర్లు మొదట హెక్సాలో (అంకెలూ ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ కలిపి రాసే లెక్కలో) చూపిస్తుంది, ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్‌కి వెళ్లి రా వాల్యూస్‌ని 10కి మార్చుకుంటే మనకర్థమయ్యే అంకెల్లో వస్తాయి.

కాసేపు ముట్టుకోకపోతే, తర్వాత ఫోల్డర్ తెరిచినప్పుడు ఐదారు సెకన్లు సిస్టమ్ బిగుసుకుపోయి లోపల జివ్వుమని సౌండ్ వస్తోందంటే అది రోగం కాదు. పవర్ ఆప్షన్స్‌లో టర్న్ ఆఫ్ హార్డ్ డిస్క్ ఆఫ్టర్ అని మామూలుగా 20 నిమిషాలు పెట్టి ఉంటుంది, నెవర్ చేసుకోండి. పెద్ద ఫైళ్లు వేస్తుంటే మొదట జోరుగా వెళ్లి తర్వాత స్పీడ్ నేలకి దిగిపోతుంటే మోడల్ నంబర్ వెతికి ఎస్ఎంఆర్ రకమా చూడండి, ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కించి రాసే డిస్క్‌లవి, వాటి తీరే అంత. సినిమాలు దాచుకోవడానికి ఓకే, రోజూ ఎడిటింగ్ చేసేవాళ్లని ట్రాకులు విడివిడిగా రాసే సీఎంఆర్ రకమే తీసుకోమంటాను.

తిరిగిచ్చే గడువు దాటకముందే ఇంకో పని చెయ్యండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో పైన కుడివైపు పవర్ ఆన్ అవర్స్ ఉంటుంది. సంవత్సరానికి 8760 గంటలు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొన్నా ఆన్‌లైన్‌లో తెప్పించినా, కొత్తదని సీల్ వేసి ఇచ్చిన డిస్క్‌లో వేలల్లో గంటలు కనిపిస్తే అది ఎక్కడో సర్వర్‌లోనో డీవీఆర్‌లోనో తిరిగొచ్చిందే. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, డిస్క్ మీద సీరియల్ నంబర్‌ని కంపెనీ వెబ్‌సైట్ వారంటీ పేజీలో కొట్టి చూడండి, అక్కడ తేదీ దాటిపోయినట్టో, విడిగా అమ్మకానికి కాదన్నట్టో వస్తే బిల్లు, డిస్క్ వచ్చిన ఆ వెండి రంగు కవరు, స్క్రీన్‌షాట్ మూడూ పట్టుకుని మార్చుకోడానికి వెళ్లండి. అప్పటిదాకా దాంట్లో ఫొటోలేవీ వెయ్యకండి.